నిలబడ్డారేం, లోపలికి రండి

మామయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే, పలకరింపు. ఎదురుగా మనిషి కనిపిస్తే పలకరించకుండా ఉండలేడు. పలకరించి ఊరుకోనూ లేడు. జవాబు వినేదాకా కదలడు. ఆ జవాబులో దగ్గో బదిలీయో కారుతున్న కుళాయో ఉంటే, అది బాగయ్యేదాకా మర్చిపోడు. గొడుగులు అమ్మడం, బాగుచేయడం ఆయన వృత్తి అని బోర్డు మీద రాసి ఉంటుంది కానీ, వీధిలో ఎవర్నడిగినా ఆయన పని పలకరించడమేననీ, మధ్యమధ్య తీరిక దొరికితే గొడుగులు చూస్తుంటాడనీ చెబుతారు. అందరూ ఆయన్ని మామయ్య అనే పిలుస్తారు, ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా.

ఒకసారి ఎవరో గ్యాస్ పొయ్యి బాగుచేసే మనిషికి ఫోన్ చేయబోతే, నంబరు తప్పి గొడుగుల కొట్టుకి తగిలింది. ఇంకొకరైతే రాంగ్ నంబరని పెట్టేస్తారు. మామయ్య ఏ వైపు పొయ్యి వెలగడం లేదని అడిగాడు. ఎడమవైపుదని తేలింది. మరి పిల్లలు పొద్దున ఏం తిని బడికి వెళ్ళారని అడిగాడు. ఆ మాట ఈ మాటా పెరిగి పెరిగి, కొన్నేళ్ళకి ఆ రాంగ్ నంబరు వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి మామయ్యా అత్తయ్యా వెళ్ళి ముందువరసలో కూర్చున్నారు. మీరు ఎవరి తరఫు అని పక్కనున్న పెద్దావిడ అడిగితే, "పొయ్యి తరఫు" అంది అత్తయ్య.

మరోసారి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన రోజున, బట్టల కొట్టు ముందు చీర కట్టి నిలబెట్టిన బొమ్మని పలకరించాడు. జవాబు రాలేదు. ఇంటికొచ్చి అత్తయ్యతో, "ఆ కొత్తగా చేరిన అమ్మాయికి ఇంట్లో ఏదో ఇబ్బంది ఉన్నట్టుందే, అస్సలు మాట్లాడలేదు" అని బాధపడ్డాడు. అత్తయ్యకి సంగతి తెలిసినా చెప్పలేదు. ఓ వారం పోయాక బొమ్మకి చీర మార్చినప్పుడు, "ఇవాళ కాస్త తేరుకున్నట్టుంది" అన్నాడట.

ఇలాంటి మనిషి కొట్టుకి వీడియోలు తీసి జనాన్ని రప్పించాలని ఆయన మేనకోడలు నడుం కట్టింది.

కొట్టుకి జనం తగ్గిన మాట నిజమే. గొడుగు కావాలంటే ఇంట్లో కూర్చుని ఫోను నొక్కితే గుమ్మంలోకి వచ్చి పడుతోంది. విరిగితే బాగుచేయించుకునే ఓపిక ఎవరికీ లేదు. మేనకోడలేమో వీడియోలు తీయడం, వాటిని కత్తిరించి అతికించడం నేర్చుకుని వచ్చింది కానీ, ఆమె చేతికి పని అప్పగించిన వాళ్ళు ఎవరూ లేరు. ఆమె తల్లి, అంటే మామయ్యకి స్వయానా చెల్లెలు, తెలిసినవాళ్ళ లెక్కల ఆఫీసులో కూతురికోసం ఒక కుర్చీ ఖాయం చేసి పెట్టింది. వానలు తగ్గుముఖం పట్టేలోపు మామయ్య కొట్టు ముందు జనం కనిపిస్తే వీడియోలు, లేకపోతే కుర్చీ. ఒప్పందం అది.

ఆ కుర్చీ గురించి తల్లి నుంచి ఎప్పటికప్పుడు కబుర్లు వస్తూ ఉండేవి. కుర్చీని కిటికీ పక్కకి జరిపారట. కుర్చీకి కొత్త గుడ్డ వేయించారట. కుర్చీకి చక్రాలు ఉన్నాయట, లేవకుండానే బీరువా దాకా వెళ్ళొచ్చట. మేనకోడలికి కలలో ఆ కుర్చీ చక్రాల మీద వెంటపడి వచ్చేది.

మామయ్య మాత్రం ఒక్కమాటలో తేల్చేశాడు. "కొట్టు నాది, మొహం నాది, మిగతాదంతా నీ ఇష్టం."

మొదటిరోజు హడావుడి చూడాలి. లైటు వెలుగు మెత్తగా పడాలంటే దాని ముందు తెల్ల గొడుగు పెట్టాలని మేనకోడలు అంటే, గొడుగులకి గుడ్డ కుట్టే అత్తయ్య మిషను ముందు కూర్చుని అప్పటికప్పుడు ఒకటి కుట్టి పడేసింది. పాత గొడుగు ఊచలు వంచి ఫోనుకి స్టాండు తయారుచేశాడు మామయ్య. ఉతికిన చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి మూడు సెకన్లలో చూసేవాళ్ళని పట్టేయాలనీ, లేకపోతే వేలితో పైకి తోసేస్తారనీ మేనకోడలు వివరించింది. ఆమె నేర్చుకున్న చదువులో ఈ మూడు సెకన్లు చాలా ముఖ్యం.

"కెమెరా వైపు చూడు మామయ్యా."

"అక్కడ ఎవరూ లేరు కదే."

"జనం ఉన్నారనుకో."

"ఎంతమంది?"

"వెయ్యిమంది."

మామయ్య కాసేపు ఆలోచించి కాలరు సర్దుకున్నాడు. "ఒక్కొక్కళ్ళనీ ఎలా ఉన్నారని అడిగేసరికి సాయంత్రమవుతుంది. భోజనం ఇక్కడికే తెచ్చేయమని అత్తయ్యతో చెప్పు."

ఎలాగో మొదలుపెట్టించింది. ఈ గొడుగు ఊచలు ఎంత గాలి వీచినా వంగవని మామయ్య చెప్తున్నాడు, బాగానే చెప్తున్నాడు. ఇంతలో ఎదురు వరసలో తాళాలు బాగుచేసే ఆయన అటుగా వెళ్ళాడు. మామయ్య అదే గొంతుతో, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఈ ఊచ మామూలు ఊచ కాదండీ, ఇది ఏమయ్యా మోకాలు ఎలా ఉంది?" అన్నాడు. తాళాలాయన ఆగి, మెట్లు ఎక్కేటప్పుడు ఫర్వాలేదనీ దిగేటప్పుడే ప్రాణం పోతోందనీ చెప్పి, కెమెరా ముందే ప్యాంటు మడిచి ఎక్కడ పట్టేస్తోందో చూపించాడు. ఆ వీడియోలో గొడుగు ఉంది. మోకాలి వెనకాల ఉంది.

రెండోసారి డ్యూటీకి వెళ్తున్న నర్సమ్మ అడ్డొచ్చింది, మూడోసారి లెక్కల మాస్టారు. నాలుగోసారి ఎవరూ రాకపోయినా, ఎవరూ రావడం లేదేమిటా అని మామయ్యే గుమ్మంలోకి వెళ్ళి చూసొచ్చాడు. మేనకోడలు విసిగి షట్టరు సగం దించింది. ఇప్పుడు దారినపోయేవాళ్ళ పాదాలు మాత్రమే కనపడుతున్నాయి. మామయ్య పాదాలని పలకరించాడు. "ఆ అడుగు పడే తీరు చూడవే, మాస్టారు కొత్త చెప్పులు కొన్నాడు, కరుస్తున్నాయి పాపం." లాభం లేదని ఆయన్ని లోపలి గోడవైపు తిప్పి నిలబెట్టింది. కాసేపటికి గోడమీదకి బల్లి వచ్చింది. మామయ్య దాన్ని చూసి, చాలా రోజులైంది కనపడి అన్నాడు.

సాయంత్రానికి మేనకోడలి దగ్గర పోగైన దాంట్లో గొడుగు గింజంత, పలకరింపు గంపెడు. పలకరింపులన్నీ ఒక్కొక్కటే కత్తిరించి, కంప్యూటర్లో ఒక పక్కన పడేసి, దానికి 'చెత్త' అని పేరు పెట్టింది. మిగిలిన గింజకి వెనకాల సంగీతం జోడించి, అక్షరాలు ఎగిరొచ్చేలా చేసి, ముప్ఫై సెకన్ల వీడియో తయారుచేసింది. చాలా నీటుగా ఉంది. అందులో మామయ్య, మెడపట్టేసిన మంత్రిగారిలా, ఎవర్నీ చూడకుండా మాట్లాడుతున్నాడు.

వీడియో పెట్టారు. తల్లి చూసింది. రాంగ్ నంబరు వాళ్ళ పెద్దమ్మాయి చూసింది. మిగతా ప్రపంచం వేలితో పైకి తోసేసింది. రెండోది పెట్టారు, మూడోది పెట్టారు. కింద కామెంట్లు రాసే చోట ఒక్క అక్షరం లేదు. మేనకోడలు అన్నం ముందు కూర్చుని కూడా ఫోను తీసి చూడటం, బోర్లించడం, మళ్ళీ తీయడం. కుర్చీకి చేతులు కూడా పెట్టించారని తల్లి కబురు చేసింది.

సరిగ్గా అప్పుడు వచ్చింది వానకోయిల.

ఆ పేరుతో ఎవరో, ఫోటో ఉండాల్సిన చోట నల్లపిట్ట బొమ్మ పెట్టుకున్న మనిషి, మూడో వీడియో కింద ఇలా రాశారు: "చాలా బాగుంది కెమెరా పట్టిన అమ్మాయి చేతిలో పనితనం ఉంది నిలబడ్డారేం లోపలికి రండి."

మేనకోడలు దాన్ని పైకి చదివింది. మళ్ళీ చదివింది. ఎక్కడా చుక్క లేదు, కామా లేదు. ఆఖరి ముక్క దగ్గర ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఇది కవిత్వమని తేల్చుకుంది. కళ అనే ఇంటి గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ తనని ఎవరో చెయ్యి చాపి లోపలికి పిలుస్తున్నారు.

"ఎవరో పెద్ద రచయిత్రి అయ్యుంటుంది అత్తయ్యా. ఎంత లోతుగా ఉందో చూడు."

అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ, తనకి అంత లోతు కనపడదనీ, కళ్ళజోడు మార్పించుకోవాలనీ అంది. మామయ్య అప్పటికే వీధిలో ఎవరినో పలకరించడానికి లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏ వీడియో పెట్టినా వానకోయిల తప్పలేదు. గొడుగు తెరుచుకునే చప్పుడు వినిపించేలా తీసిన వీడియోకి, "ఆ చప్పుడు భలే పట్టారు అంత తొందరేం తడిసిపోతారు కాస్త ఆగి వెళ్ళండి" అని వచ్చింది. మేనకోడలు అది తనకి హెచ్చరికగా తీసుకుని, ఆ వారం వీడియోని రోజంతా కూర్చుని దిద్దింది. ఇంకోదానికి, "ఇవాళ పాట కాస్త ఎక్కువైంది మామయ్యగారి మాట వినపడలేదు అయినా వెలుతురు బాగుంది మోకాలు ఎలా ఉంది" అని వచ్చింది.

మోకాలు దగ్గర ఆమె నిజంగా బిత్తరపోయింది. ఎందుకంటే ఆరోజు పొద్దునే స్టాండుకి తగిలి ఆమె మోకాలు కమిలింది. ఎక్కడో దూరాన ఉన్న మనిషికి ఆ సంగతి ఎలా తెలిసింది? మనసు మనసుకి తెలుస్తుందంటే ఇదే కాబోలని అత్తయ్యతో అంది. అత్తయ్యకి అదే సమయంలో పొలమారింది. మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

తల్లితో ఫోనులో గట్టిగానే మాట్లాడింది మేనకోడలు. తనకి చూసేవాళ్ళున్నారనీ, సామాన్యులు కారనీ చెప్పింది.

"ఎంతమంది?" అంది తల్లి.

"ఒక్కరు. కానీ ప్రతిదీ చూస్తారు."

తల్లి సోమవారం వచ్చి తీసుకెళ్తానని చెప్పి పెట్టేసింది. వానలు తగ్గుముఖం పడుతున్నాయి, ఒప్పందం ఒప్పందమే.

అయినా మేనకోడలు గుండె జారనివ్వలేదు. ఒక్క మనిషి చూస్తున్నా ఆ ఒక్క మనిషి కోసం తీయొచ్చనుకుంది. విరిగిన ఊచ మార్చే వీడియో ఒకటి చేసి పెట్టి, కొట్టు వెనకభాగంలో గుడ్డల తానుల మధ్య చాప వేసుకుని కూర్చుంది. ఆమెకీ కొట్టుకీ మధ్య ఒక తెర ఉంది. బయట సన్నగా జల్లు పడుతోంది. తెర అవతల మామయ్య గొంతు వినిపించింది, ఎవరితోనో మర్యాదగా, కూడబలుక్కుని మాట్లాడుతున్నట్టు.

"ఊచ ఎక్కించే దగ్గర చేతులు మాత్రమే చూపించారు. తెలివైన పని."

అలా ఎవరితో మాట్లాడుతున్నాడా అని చెవి అటు వేసింది. మామయ్య గొంతు ఒక్కసారి మారింది. "గొడుగు మర్చిపోయి బయల్దేరావేమమ్మా, ఇవాళ కూడా రాత్రి డ్యూటీయేనా?"

అవునని నర్సమ్మ గొంతు. చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాయి. మేనకోడలి ఒళ్ళో ఫోను టింగుమంది.

వానకోయిల: "ఊచ ఎక్కించే దగ్గర చేతులు మాత్రమే చూపించారు తెలివైన పని గొడుగు మర్చిపోయి బయల్దేరావేమమ్మా ఇవాళ కూడా రాత్రి డ్యూటీయేనా."

ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని మామయ్యకి నేర్పింది ఎవరో కాదు, తనే. ఊచలు వంచీ వంచీ మొద్దుబారిన ఆయన వేలు ఒకేసారి నాలుగు అక్షరాల మీద పడుతుంటే చూడలేక నేర్పింది. పక్కవాళ్ళతో మాట్లాడేటప్పుడు మైకు ఆపాలని మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్ళూ తనని పలవరింపజేసిన కవిత్వమంతా ఈ కొట్టు రేకు కిందే పుట్టింది. నిలబడ్డారేం, లోపలికి రండి అనే మాట రోజంతా చెవిన పడుతూనే ఉంది కాబట్టే ఆమెకి ఎప్పుడూ వినపడలేదు. కత్తిరించి చెత్తలో వేసిన మాటే, కింద కామెంటుగా వస్తే కవిత్వమైంది.

ఆమెకి కోపం వచ్చింది. వానకోయిల లేనందుకు కాదు, ఆ మోకాలు తనది కానందుకు.

తెర తీసి నిలదీయబోయింది. అవతల అత్తయ్య గొంతు విని ఆగింది. ఎన్నాళ్ళీ నాటకం, సోమవారం వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్తుంది, అప్పుడు పిట్ట ఎవరి కోసం కూస్తుంది అని అత్తయ్య నిలదీస్తోంది.

మామయ్య నసిగాడు. "నాకు వేరే దారి తోచలేదే. ఆ వీడియో కింద ఒక్కళ్ళూ లేరు. మన పిల్ల నడివీధిలో నిలబడి ఉంటే, అందరూ చూసుకుంటూ పోతున్నారు గానీ ఒక్కళ్ళూ బాగున్నావా అనడం లేదు. అలా ఉంది నాకు అది చూస్తే. ఊరుకోమంటావా?"

అత్తయ్య ఊరుకోమనలేదు. "వానకోయిల అని పేరు పెట్టింది నేనే కదా, కాస్త కోయిలలాగా మాట్లాడొచ్చు కదా. మోకాళ్ళూ దగ్గులూ ఎందుకు మధ్యలో?" అంది.

మేనకోడలు తెర వదిలేసి వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది. తనకి ఉన్న ఒక్కగానొక్క ప్రేక్షకురాలు, మామయ్యా అత్తయ్యా కలిసి కుట్టిన గొడుగని తేలిపోయింది. కాసేపు కుర్చీని తలుచుకుంది. చక్రాలున్నాయి, కిటికీ ఉంది, మరీ అంత చెడ్డ కుర్చీ కాకపోవచ్చు. కంప్యూటరు మూసేముందు అందులో తన సరుకు ఖాళీ చేద్దామని 'చెత్త' తెరిచింది. పారేసేముందు ఒకసారి చూద్దామనుకుంది.

తాళాలాయన మోకాలు వచ్చింది. నర్సమ్మ నవ్వు వచ్చింది. షట్టరు కింద కరుస్తున్న చెప్పులతో మాస్టారి పాదాలు ఆగడం, సిగ్గుపడినట్టు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం వచ్చింది. బల్లి వచ్చింది. ప్రతి ముక్కలోనూ మామయ్య మొహం గొడుగు తెరుచుకున్నట్టు తెరుచుకుంటోంది. ఆయన చేతిలో గొడుగు కూడా, ఆయనకి తెలియకుండానే, ఎదుటి మనిషి మీదకి జరుగుతోంది. అన్ని ముక్కల్లోనూ అంతే. ఆ సంగతి ఆమె ఇన్నాళ్ళూ చూడనే లేదు, మూడు సెకన్లు లెక్కపెట్టడంలో.

ఆమెకి నవ్వు మొదలై ఆగలేదు. నవ్వుతూనే పనిలో పడింది. సంగీతం తీసేసింది. ఎగిరొచ్చే అక్షరాలు తీసేసింది. వీధిలో తాళాలాయన నుంచి గోడమీద బల్లి దాకా పలకరింపులన్నీ వరసగా కుట్టి, చివర గొడుగు తెరుచుకునే చప్పుడు ఒక్కటి పెట్టింది. మొదటి మూడు సెకన్లలో మోకాలు. ఆ వీడియోలో గొడుగు కొనమని ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఊళ్ళు ఊగిపోయాయని చెప్తే అబద్ధం. మొదట తాళాలాయన తన మోకాలుని తన బంధువులందరికీ పంపాడు. నర్సమ్మ ఆస్పత్రిలో చూపించింది. మాస్టారు తన పాదాలు పోల్చుకుని, తన పాత విద్యార్థులందరికీ పంపి, ఇవి ఎవరివో చెప్పమని ప్రశ్న పెట్టాడు. అక్కడి నుంచి అది ఎవరెవరి చేతుల్లోకో వెళ్ళింది. కింద కామెంట్లు రావడం మొదలైంది. మాకూ మోకాలు నొప్పే మామయ్యా అని ఒకరు. మమ్మల్ని ఎవరూ పలకరించరు, మీ కొట్టు ఎక్కడ అని ఇంకొకరు. బల్లి బాగుందా అని చాలామంది.

శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకాయన, వీధికి బొత్తిగా కొత్త మనిషి, బాగున్న గొడుగునే పట్టుకుని కొట్టు ముందు బెరుగ్గా నిలబడ్డాడు. ఏం పాడైందంటే చెప్పలేకపోయాడు. మామయ్య ఆయన్ని కూర్చోబెట్టి పెద్దకొడుకు ఉద్యోగం దాకా కనుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు ఆయన రెండు గొడుగులు కొన్నాడు. ఆదివారానికి రేకు కింద బెంచీ చాలలేదు. ఇంట్లో మూలపడ్డ విరిగిన గొడుగులన్నీ బయటికొచ్చాయి. అత్తయ్య మిషను ఆగలేదు.

సోమవారం తల్లి వచ్చింది, సంచీతో సహా. మామయ్య చేతిలో ఊచలు వదలకుండానే చెల్లెలి తలనొప్పి ఎలా ఉందని అడిగాడు.

"నువ్వే నా తలనొప్పివి అన్నయ్యా. ఉంది, బాగానే ఉంది."

కూర్చోవడానికి చోటు కోసం చూసింది. లేదు. అంతా జనమే. కూతురు ఫోను పట్టుకుని ఆ గుంపులో అటూ ఇటూ తిరుగుతోంది, తల్లిని చూసి చెయ్యి ఊపి మళ్ళీ పనిలో పడింది. తల్లి చాలాసేపు అలా చూస్తూ నిలబడింది. చివరికి అత్తయ్య దగ్గరికి వెళ్ళి, ఆ కుర్చీలో నిన్ననే ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారని నీరసంగా చెప్పింది. ఆ తర్వాత తన గొడుగు తీసి, పిడి ఊగుతోంది చూడమంది. వీడియోలో తనని మాత్రం పెట్టొద్దని కూతుర్ని గట్టిగా హెచ్చరించింది. హెచ్చరిస్తూనే జుట్టు సవరించుకుంది.

వానకోయిల సంగతి మేనకోడలు ఎవరితోనూ ఎత్తలేదు. వానలు పూర్తిగా ఆగిపోయాక ఒకనాడు, బేరాలు లేని పూట, తెర వెనక కూర్చుని మొదటిసారి ఆ పిట్టకి జవాబు రాసింది. "వానకోయిల గారూ, ఎవరూ చూడనప్పుడు మీరొక్కరే చూశారు. ఒకసారి మా కొట్టుకి రండి. మా మామయ్య మిమ్మల్ని పలకరిస్తాడు."

తెర అవతల మామయ్య గొంతు సవరించుకోవడం వినిపించింది. ఇంకాసేపటికి ఫోను టింగుమంది.

"మీ మామయ్యగారెవరో నాకు బొత్తిగా తెలియదు మంచివాడని విన్నాను నేను చాలా దూరంలో ఉంటాను రావడం కుదరదు అమ్మాయ్ టీ చల్లారిపోతోంది వచ్చి తాగు."

మేనకోడలు ఫోను బోర్లించి, తెర తీసుకుని వెళ్ళి తాగింది. టీ నిజంగానే చల్లారిపోయింది.